పాత బాటిల్ మళ్లీ బాటిల్ అవ్వాలంటే

కూల్‌డ్రింక్ బాటిల్ మీదో, నీళ్ల బాటిల్ మీదో "100% రీసైకిల్డ్ ప్లాస్టిక్" అని రాసి ఉండటం ఈ మధ్య మీరూ చూసే ఉంటారు. అది చదవగానే చాలామందికి వచ్చే మొదటి అనుమానం, చెత్తకుప్పలో ఏరిన బాటిల్‌నే కరిగించి మళ్లీ మనకే పోస్తున్నారా అని. రెండోది, ఇందులో నిజంగా ఉపయోగం ఉందా లేక కంపెనీల ప్రచారమేనా అని. రెండూ న్యాయమైన అనుమానాలే. మొదటిదానికి చాలావరకు గట్టి జవాబే ఉంది. చిక్కంతా రెండోదాని దగ్గరే, ఎందుకంటే అది తేలేది ఫ్యాక్టరీలో కాదు, మన ఇంటి చెత్తబుట్టకీ పాత సామాన్ల కొట్టుకీ మధ్య.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన దేశంలో మొన్నమొన్నటి దాకా తినేవాటికి, తాగేవాటికి రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ వాడటమే నిషేధం. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధనల్లో ఆ మాట స్పష్టంగా ఉండేది. 2022లో ఆ నిషేధాన్ని సడలించి, ఫలానా పద్ధతిలో శుద్ధి చేసి, ఫలానా పరీక్షలు నెగ్గితే వాడుకోవచ్చన్నారు. అదే ఏడాది ఫిబ్రవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలను సవరిస్తూ ఇంకో అడుగు ముందుకేసింది. ప్లాస్టిక్‌లో సరుకు నింపి అమ్మినవాళ్లదే ఆ ప్లాస్టిక్ బాధ్యత అనే ఈపీఆర్ పద్ధతి కింద, బాటిళ్లలాంటి గట్టి ప్లాస్టిక్‌లో 2025-26లో 30 శాతం, ఆ తర్వాతి ఏడాది 40, ఆపైన 50, 2028-29 నుంచి 60 శాతం రీసైకిల్ చేసిన సరుకు ఉండాలని చెప్పింది. అంటే ఒక సంస్థ "వాడొచ్చు" అంటే, ఇంకో శాఖ "వాడాల్సిందే" అంది, అదీ ఒకే ఏడాదిలో. మూడేళ్లలో ఇంత మారాలంటే మాటలు కాదు, అందుకే పరిశ్రమ వైపు నుంచి గడువులు సడలించమనే విన్నపాలు మొదలయ్యాయి.

కంపెనీలు అప్పటికే కొంత మొదలుపెట్టాయి. 2023లో కోకాకోలా తన కిన్లే లీటర్ బాటిల్‌ని, ఆ తర్వాత 250, 750 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ బాటిళ్లనీ పూర్తిగా రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌తో తెచ్చింది. అదే ఏడాది పెప్సీ బ్లాక్ కూడా అలాంటి బాటిల్‌లోనే వచ్చింది. అయితే ఆ "100%"లో మూత, లేబుల్ లెక్కలోకి రావు. ఒంటి భాగం ఒక్కటే. ఇందులో మోసమేం లేదు, మూత వేరే ప్లాస్టిక్, లేబుల్ ఇంకో ప్లాస్టిక్. కానీ చదివేవాళ్లకి ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఇన్ని రకాల ప్లాస్టిక్ ఉండగా తాగే బాటిల్ దగ్గరే ఇది ఎందుకు సాధ్యమైంది? బాటిల్ అడుగున చూస్తే త్రికోణంలో 1 అంకె కనిపిస్తుంది. అది పాలిఎథిలీన్ టెరెఫ్తలేట్, వాడుకలో పెట్. దీని అణువులు పొడవైన గొలుసుల్లా బిగుతుగా అల్లుకుని ఉంటాయి, కాబట్టి బయటి రసాయనాలు దాని లోపలికి అంత తేలిగ్గా ఇంకవు, ఇంకినవి కూడా పైపైనే ఉంటాయి. పాల ప్యాకెట్ చేసే పాలిఎథిలీన్ అలా కాదు, వాసనల్నీ నూనెల్నీ పీల్చేసుకుంటుంది, ఒకసారి పీల్చుకున్నాక వదిలించడం చాలా కష్టం. ఆహారానికి తగిలే రీసైకిల్డ్ ప్లాస్టిక్ అనగానే ప్రపంచమంతా మొదట పెట్ వైపే చూడటానికి అసలు కారణం ఇదే. మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మార్గదర్శకాలు కూడా పెట్ గురించే.

ఇప్పుడు ఫ్యాక్టరీలోకి వెళ్దాం. పత్తి బేళ్లలాగే నొక్కి కట్టిన బాటిళ్ల బేళ్లు లారీల్లో వస్తాయి. వాటిని విప్పి, బెల్టు మీద పరుస్తారు. పరారుణ కిరణాలతో, కెమెరాలతో పనిచేసే యంత్రాలు పెట్ కానివాటిని, రంగు బాటిళ్లని పక్కకి ఊదేస్తాయి, ఆ తర్వాత మనుషులు కూడా నిలబడి చేత్తో ఏరతారు. మిగిలినవాటిని గోరంత ముక్కలుగా తరిగేస్తారు, వీటినే ఫ్లేక్స్ అంటారు. అవి నీళ్ల తొట్టిలో పడగానే భలే తేలికైన పని ఒకటి జరుగుతుంది: పెట్ నీటికంటే బరువు కాబట్టి మునుగుతుంది, మూతల ముక్కలు నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలతాయి, పైనున్నవి తోడేస్తే సరి. తర్వాత కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో ఉడికినట్టుగా కడుగుతారు, లేబుల్ జిగురు, జిడ్డు, మట్టి అక్కడ పోతాయి. ఆరబెట్టడం కూడా చిన్న విషయం కాదు. ఫ్లేక్స్‌లో కాస్త తడి మిగిలినా, కరిగించేటప్పుడు ఆ నీరు అణువుల గొలుసుల్ని తెంపేస్తుంది.

ఇక్కడికి వచ్చేది శుభ్రమైన ముక్క మాత్రమే, తాగే బాటిల్‌కి పనికొచ్చే ముక్క కాదు. ఈ రెంటికీ మధ్య తేడా ఏమిటంటే, మురికి కడిగితే పోతుంది కానీ లోపలికి ఇంకినది కడిగితే పోదు. అందుకని ఆ ముక్కల్ని దాదాపు 200 డిగ్రీల వేడిలో, గాలి లాగేసిన గదిలో గంటల తరబడి ఉంచుతారు. వేడికి లోపలున్న రసాయనాలు ఆవిరై బయటికొస్తాయి, పంపు వాటిని లాగేస్తుంది. అదే సమయంలో తెగిన గొలుసులు మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని పొడవవుతాయి. ఒకే వేడిలో రెండు పనులు. కరిగించిన ప్రతిసారీ పెట్ గొలుసులు దారం తెగిన దండలా పొట్టివైపోతాయి, పొట్టి గొలుసుతో చొక్కా దారం తీయొచ్చు గానీ గ్యాస్ ఒత్తిడిని తట్టుకునే కూల్‌డ్రింక్ బాటిల్ ఊదలేం, అందుకే ఆ గదిలో గడిపే గంటలు అంత ముఖ్యం. అక్కణ్ణుంచి గుళికలు, గుళికల నుంచి ప్రీఫార్మ్. దళసరి గాజు పరీక్షనాళికలా ఉండి, పైన మూత మరలు అప్పటికే చెక్కినట్టు ఉండేది ప్రీఫార్మ్. దాన్ని వేడి చేసి అచ్చులో పెట్టి గాలి ఊదితే బాటిల్.

పరీక్ష ఎలా చేస్తారన్నది నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే నమ్మకం కలిగించిన విషయం. "మా ముక్క శుభ్రంగా ఉంది చూడండి" అంటే ఒప్పుకోరు. పెట్ ముక్కల్లో కావాలనే విషాలు కలుపుతారు. పెట్రోల్‌లో ఉండే టోలుయీన్, పురుగుమందుల తరఫున లిండేన్, నొప్పి బామ్ వాసన వచ్చే మిథైల్ శాలిసిలేట్, ఇంకా క్లోరోఫాం, బెంజోఫెనోన్ లాంటివి. రకరకాల రసాయనాలకు ఇవి ప్రతినిధులన్నమాట: తేలిగ్గా ఆవిరయ్యేవి, అవ్వనివి, నీటిలో కరిగేవి, నూనెలో కరిగేవి. ఆ విషపు ముక్కల్ని మామూలు పద్ధతిలో శుద్ధి చేసి, చివరికి ఎంత మిగిలిందో కొలుస్తారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టుకున్న గీత చాలా సన్నం: మనిషి తినే ఆహారంలో ఆ పదార్థం వంద కోట్ల వంతుల్లో అర వంతుకి మించకూడదు. యూరప్ ఆహార భద్రత సంస్థ ఇంకో షరతు కూడా పెట్టింది, కరిగించే సరుకులో ఆహారానికి వాడని పెట్ 5 శాతం మించకూడదని.

ఈ పరీక్షలో పెట్రోల్, పురుగుమందు ఎందుకు వచ్చాయో మన ఊళ్లు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బండి ఆగిపోతే పెట్రోల్ తెచ్చేది నీళ్ల బాటిల్‌లోనే. ఫినాయిల్ విడిగా కొంటే పోసేది అందులోనే. పొలం దగ్గర మందు కలిపేటప్పుడు డబ్బా నుంచి కొంచెం తీసి పక్కన పెట్టుకునేదీ అందులోనే. ఆ బాటిళ్లన్నీ చివరికి అదే గోనెసంచిలోకి, అదే కొట్టుకి వస్తాయి. పద్ధతిగా నడిచే ప్లాంటు వీటిని తట్టుకునేలా కట్టిందే. కానీ పద్ధతి తప్పిన ప్లాంటు, అనుమతి లేని ముక్కలు కొని ప్రీఫార్మ్ చేసేవాళ్లు కూడా ఉండొచ్చు కాబట్టి, భయపడాల్సింది రీసైకిల్డ్ ప్లాస్టిక్ అనే మాటకి కాదు, ఆ సరుకు ఏ ప్లాంటు నుంచి వచ్చిందో ఎవరూ చూడని పరిస్థితికి.

ఆరోగ్యం మీద ఇంకో రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. బీపీఏ, అంటే బిస్‌ఫినాల్ ఎ అనే రసాయనం, దాని భయం పెట్ మీదకి తెచ్చేవాళ్లు ఎక్కువ. పెట్ తయారీలో బీపీఏ వాడరు, అది పాలికార్బొనేట్‌ది, అంటే ఇళ్లకి వచ్చే 20 లీటర్ల గట్టి నీళ్ల డబ్బాల్లో కొన్నిటిది. ఇక మైక్రోప్లాస్టిక్, అంటే ప్లాస్టిక్ నుంచి రాలే సూక్ష్మ రేణువులు. 2024 జనవరిలో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు బాటిల్ నీళ్లలో లీటరుకి సగటున 2,40,000 ప్లాస్టిక్ రేణువులు కనిపించాయని ప్రచురించారు, అందులో 90 శాతం నానో పరిమాణానివి. ఈ విషయంలో రీసైకిల్డ్ అయినా కొత్తదైనా బాటిల్ బాటిలే, మళ్లీ వాడిన ప్లాస్టిక్ దీనికి మందు కాదు. దాహం వేస్తే స్టీలు సీసాలో ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్లే మేలు అనే మాట అలాగే నిలబడుతుంది.

సరే, సాంకేతికంగా కుదురుతుంది, సురక్షితంగా చేయొచ్చు. మరి చిక్కెక్కడ?

మన దేశంలో పెట్ బాటిళ్లు వృథాగా పోవు అనేది ఎన్నాళ్లుగానో వింటున్న మాట, అందులో నిజముంది. పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీ అంచనాలో దాదాపు 90 శాతం ఏదో రకంగా మళ్లీ వాడుకలోకి వస్తున్నట్టు చెప్పారు. చాలా ధనిక దేశాలకి లేని అంకె అది. ఆ ఘనత మున్సిపాలిటీలదీ కాదు, కంపెనీలదీ కాదు. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని బయల్దేరే ఆడవాళ్లది, రైలు పట్టాల వెంట నడిచే పిల్లలది, తోపుడుబండి మీద "పాత సామాన్లు కొంటాం" అని తిరిగేవాళ్లది.

కానీ మళ్లీ వాడుకలోకి రావడం అంటే మళ్లీ బాటిల్ అవ్వడం అని కాదు. మన బాటిళ్లలో ఎక్కువ భాగం వెళ్లేది దారం వైపు. దిండ్లలో నింపే దూది లాంటి పాలియెస్టర్, చొక్కాల నూలు, తివాచీలు. 2021 డిసెంబర్‌లో రిలయన్స్ ఆంధ్రప్రదేశ్‌లో శ్రీచక్ర ఎకోటెక్స్‌తో కలిసి పెడతామని ప్రకటించింది అలాంటి ప్లాంటే, బాటిళ్ల నుంచి పాలియెస్టర్ పీచు తీసేది. మరోవైపు వరంగల్‌లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో గణేశా ఎకోపెట్ పెట్టిన ప్లాంటు బాటిల్ నుంచి బాటిల్‌కి పనికొచ్చే గుళికలు చేస్తుంది. పక్కపక్క రాష్ట్రాల్లో ఒకే గోనెసంచి సరుకుకి రెండు దారులు. ఒకటి ఎంచుకుంటే రెండోదానికి సరుకు తగ్గుతుంది.

దారంగా మారితే తప్పేంటి అని అడగొచ్చు. బాటిల్ చాలాసార్లు తిరగగలదు, కొంత కొత్త సరుకు కలుపుతూ పోతే ఇంకా ఎక్కువే. దిండులో దూదిగా మారినది అక్కడితో సరి. పాలియెస్టర్ చొక్కా చిరిగాక అందులో పత్తి, రంగులు, బొత్తాలు, ఇలాస్టిక్ అన్నీ కలిసి ఉంటాయి, దాన్ని మళ్లీ పెట్‌గా తీయాలంటే అణువుల స్థాయికి విడగొట్టే రసాయన పద్ధతులు కావాలి, అవి ఉన్నాయి కానీ ఖరీదు ఎక్కువ. అంటే బాటిల్‌ని బట్టగా మార్చడం చెత్తకుప్పకి వెళ్లే ప్రయాణాన్ని కొన్నేళ్లు వాయిదా వేయడమే. ఈలోగా కొత్త బాటిల్ కోసం మళ్లీ ముడి చమురే తవ్వుతారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకుందాం, అంకెలు అర్థం కావడానికే. వంద టన్నుల బాటిళ్లు అమ్మారనుకోండి, తొంభై తిరిగొచ్చాయి. మూతలు, లేబుళ్లు, మట్టి, తడి, రంగువి, పాడైపోయినవి తీసేసరికి బేల్‌లో పావు వంతు దాకా పోతుంది, మిగిలేది అరవై ఏడు, అరవై ఎనిమిది టన్నులు. అందులో సగం దారానికి వెళ్లిందనుకున్నా బాటిల్‌కి మిగిలేది ముప్పై మూడో, ముప్పై నాలుగో. 30 శాతం నిబంధనకి ఇది బొటాబొటిగా సరిపోతుంది. 60 శాతానికి? దారం వాళ్ల దగ్గర్నుంచి దాదాపు అంతా లాక్కున్నా కష్టమే. పైగా బాటిళ్ల అమ్మకం ఏటా పెరుగుతోంది, నిరుడు అమ్మినవాటి నుంచి వచ్చే సరుకు ఈ ఏడాది అమ్మేవాటికి ఎప్పుడూ తక్కువే. దారం మిల్లులకీ కూల్‌డ్రింక్ కంపెనీలకీ మధ్య పోటీ వస్తే తుక్కు ధర పెరగాలి, అది ఏరేవాళ్లకి మంచిదే అవ్వాలి. కానీ మధ్యలో చిన్న కొట్టు, పెద్ద కొట్టు, బేళ్లు కట్టేవాడు, దలాలు, ఇంతమంది దాటి పెరిగిన ధరలో ఎంత కిందికి దిగుతుందో చూస్తేనే ఈ నిబంధన ఎవరికి లాభమో తెలుస్తుంది.

ధర గురించి ఇంకో మాట. పాతదాన్ని కరిగించి చేసింది కొత్తదానికంటే చవగ్గా ఉంటుందని అందరూ అనుకుంటారు. చాలా సార్లు ఉల్టా. కొత్త పెట్ ధర ముడి చమురుతో పాటు పడిపోతుంది, చైనాలో అవసరానికి మించి తయారై మార్కెట్లోకి వస్తే ఇంకా పడిపోతుంది. పాత బాటిల్ ఏరడం, మోయడం, కడగడం, 200 డిగ్రీల్లో గంటలు ఉంచడం, వీటి ఖర్చు చమురుతో పాటు తగ్గదు. అందుకే యూరప్‌లో కూడా శుద్ధి చేసిన పెట్ కొత్తదానికంటే ఖరీదుగా అమ్ముడైన రోజులు చాలా ఉన్నాయి. పర్యావరణానికి లాభం మాత్రం నిజమే, చాలా అధ్యయనాల్లో రీసైకిల్డ్ పెట్ తయారీకి వెలువడే కార్బన్ కొత్తదాని కంటే సగానికి తక్కువ. కానీ ఆ లాభం బిల్లు మీద కనపడదు. చట్టం బలవంతం చేయకపోతే కొనేవాడు ఉండడన్నది సూటి నిజం, అందుకే గడువు సడలించమన్న ప్రతిసారీ ముందుగా పెట్టుబడి పెట్టి ప్లాంట్లు కట్టినవాళ్ల గుండె జారుతుంది.

చట్టం ఉంటే సరిపోదని కూడా మనమే చూశాం. ఈపీఆర్ పద్ధతిలో రీసైకిల్ చేసినవాళ్లు ఇన్ని టన్నులు చేశామని సర్టిఫికెట్లు పుట్టిస్తారు, బ్రాండ్లు వాటిని కొనుక్కుని తమ బాధ్యత తీరిందని చూపిస్తాయి. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లోని కొన్ని సంస్థలు 6 లక్షలకి పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించినట్టు బయటపడింది. ప్లాస్టిక్ కదలకుండానే కాగితం కదిలింది. ఇప్పుడు "ఈ బాటిల్‌లో ఇంత శాతం పాత సరుకు ఉంది" అనే లెక్కకి కూడా ఇదే ప్రమాదం ఉంది, ఎందుకంటే బాటిల్‌ని చూసి అందులో 30 శాతం ఉందో 3 శాతం ఉందో ఎవరూ చెప్పలేరు. కాస్త బూడిద ఛాయ, కాస్త పసుపు ఛాయ కనిపించొచ్చు, దాన్ని కప్పడానికి కొంచెం నీలిరంగు కలుపుతారు, అంతే. నమ్మకమంతా ప్లాంటు దగ్గర తూకం పుస్తకాల మీదే.

మరి బాటిల్ శుభ్రంగా, వేరే చెత్తతో కలవకుండా వెనక్కి రావడానికి మార్గం ఏమిటి? ప్రపంచంలో గట్టిగా పనిచేసిన పద్ధతి ఒకటే, డిపాజిట్. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లల్ని అడగండి, బాటిల్ కొన్నప్పుడు 25 సెంట్లు అదనంగా కట్టి, తాగాక సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేసి ఆ డబ్బు వెనక్కి తీసుకోవడం వాళ్లకి వారం వారం అలవాటు. 2003 నుంచి నడుస్తోంది, దాదాపు 98 శాతం బాటిళ్లు తిరిగొస్తాయి. అలా వచ్చిన బాటిల్ చెత్తలో పడి ఉండదు, కూర మెతుకులు అంటి ఉండవు, ఫినాయిల్ పోసి ఉండరు. కరిగించేవాడికి అంతకంటే మంచి సరుకు లేదు. యూరప్ మొత్తం 2025 నుంచి పెట్ బాటిళ్లలో 25 శాతం, 2030 నుంచి తాగే ప్లాస్టిక్ బాటిళ్లన్నిటిలో 30 శాతం పాత సరుకు ఉండాలంటూనే, 2029 నాటికి 90 శాతం బాటిళ్లు వెనక్కి తేవాలని కూడా చట్టంలోనే రాసుకుంది. అంకె ఒక్కటే పెట్టి సరుకు సంగతి వదిలేయలేదు. మన నిబంధన 60 దాకా వెళ్తోంది, అంటే వాళ్లకి రెట్టింపు, కానీ బాటిల్‌ని విడిగా వెనక్కి తెచ్చే ఏర్పాటు దేశవ్యాప్తంగా లేదు. నాకు ఈ నిబంధనతో ఉన్న పేచీ ఇదొక్కటే. అంకె ఎక్కువని కాదు, దానికి కాళ్లు లేవని.

మన దగ్గర కుదరదు అనేవాళ్లకి కేదార్‌నాథ్ చూపించొచ్చు. హైదరాబాద్‌లో పుట్టిన రీసైకల్ సంస్థ 2022లో అక్కడ క్యూఆర్ కోడ్ స్టిక్కర్లతో డిపాజిట్ పద్ధతి పెట్టింది. బాటిల్‌కి 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ బాటిల్ తిరిగిస్తే ఆ పది ఇచ్చేసేలా. కొనుక్కున్నవాళ్లు విసిరేసినా, ఇంకొకరు ఏరుకొచ్చి ఇస్తే ఆ పది వాళ్లకి దక్కుతుంది. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లే ఆపేసి గాజు సీసాల్లో అమ్ముతున్నారు, సీసా వెనక్కిస్తే డిపాజిట్ ఇస్తారు, భక్తులు అలవాటు పడ్డారు కూడా. అయితే కొండకి ఒక దారి, ఒక గేటు ఉంటాయి. విజయవాడ బస్టాండ్‌కో, కోఠీకో అలాంటి గేటు ఉండదు. అక్కడ డిపాజిట్ నడవాలంటే ప్రతి కిరాణా కొట్టూ బాటిల్ వెనక్కి తీసుకోవాలి, కొట్టువాడికి దానికోసం ఏదో ముట్టాలి. ఇంకో భయం కూడా ఉంది, అది తేలిగ్గా తీసేసేది కాదు: మెషీన్లు, పెద్ద కంపెనీలు వచ్చి బాటిల్ నేరుగా వెనక్కి వెళ్లిపోతే, ఈరోజు అది ఏరుకుని బతికేవాళ్ల పరిస్థితి ఏమిటి? పాత సామాన్ల సంచిలో డబ్బు వచ్చే సరుకుల్లో బాటిల్ ఒకటి, చాలా కవర్లకి ఎవరూ పైసా ఇవ్వరు. డిపాజిట్ పెడితే సేకరణ కేంద్రాల్లో వాళ్లకే మొదట పని ఇవ్వాలని చట్టంలోనే రాయాలి, తర్వాత చూద్దాం అంటే ఎవరూ చూడరు.

బాటిల్ తయారీలోనే సరిచేయాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇవి కంపెనీల చేతిలో పని. రంగు బాటిల్ కరిగిస్తే మళ్లీ రంగులేని బాటిల్ అవ్వదు, అందుకే స్ప్రైట్ 2022లో అమెరికాలో తన పాత ఆకుపచ్చ బాటిల్ వదిలేసి రంగులేనిదానికి మారింది. ఒళ్లంతా కప్పేసే ప్లాస్టిక్ తొడుగు ఉంటే ఏరే యంత్రం లోపలున్నది పెట్ అని గుర్తుపట్టలేదు. ఆ తొడుగు పీవీసీ అయితే ఇంకా కష్టం, పీవీసీ పెట్ లాగే నీళ్లలో మునుగుతుంది, పెట్ కరిగే వేడికి మాడిపోయి నల్లమచ్చలు తెస్తుంది, కొద్ది ముక్కలు చాలు లాట్ మొత్తం పాడవడానికి. మూత ఊడిపోయి మట్టిలో కలవకుండా యూరప్‌లో 2024 జులై నుంచి మూత బాటిల్‌కే అంటిపెట్టుకుని ఉండాలన్నారు, అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు తాగేటప్పుడు ముక్కుకి తగులుతోందని విసుక్కునేది దాన్నే.

మన పెళ్లిళ్ల సంగతి కూడా చెప్పాలి. విస్తరి పక్కన పెట్టే 200 మిల్లీలీటర్ల బుల్లి బాటిళ్లు, సగం తాగి వదిలేసినవి, ఎంగిలి విస్తళ్లతో కలిపి ఒకే గుట్టలోకి ఊడ్చేస్తారు. పప్పు, సాంబారు అంటిన బాటిల్‌ని ఏరేవాళ్లు విడదీస్తారు, కానీ ధర పడిపోతుంది, అది దారానికే వెళ్తుంది. క్యాటరింగ్ వాళ్లకి ముందే చెప్పి బాటిళ్లకి వేరే సంచి పెట్టిస్తే చాలు, లేదా స్టీలు గ్లాసులు, పెద్ద డబ్బాలు పెడితే అసలు గొడవే ఉండదు.

పెట్ కానివాటి పరిస్థితి వేరు. మజ్జిగ, జ్యూస్ వచ్చే అట్టపెట్టెల్లో ముప్పావు వంతు కాగితం, మిగతాది పాలిఎథిలీన్, పల్చటి అల్యూమినియం రేకు. 2025లో టెట్రాపాక్ మన దేశంలో 5 శాతం రీసైకిల్డ్ పాలిమర్ ఉందని చెప్పే ప్యాకింగ్ తెచ్చింది. అయితే అది సర్టిఫికెట్ లెక్క పద్ధతిలో: పాత, కొత్త సరుకు ఒకే రసాయన ప్లాంటులో కలిసిపోతాయి, ఎంత పాతది పోశారో అంత లెక్క ఫలానా ప్యాకింగ్‌కి రాస్తారు, మీ చేతిలో ఉన్న పెట్టెలోనే ఆ అణువులు ఉన్నాయని కాదు. పలచటి కవర్ల విభాగానికి చట్టం పెట్టిన గీత కూడా తక్కువే, మొదట 10 శాతం, తర్వాత 20. పాల ప్యాకెట్లు, రోడ్డు పక్క అమ్మే రెండు రూపాయల వాటర్ ప్యాకెట్లు ఇందులోకే వస్తాయి. పాల ప్యాకెట్లు కొన్ని ఇళ్లలో కడిగి దాచి అమ్ముతారు, వాటర్ ప్యాకెట్‌ని మాత్రం ఎవరూ వంగి తీయరు, కిలో తూగాలంటే వందలు వందలు ఏరాలి.

ఇంట్లో చేయగలిగింది పెద్ద శ్రమేం కాదు. బాటిల్ ఖాళీ చేయండి, మూత బిగించండి, మూత ప్లాస్టిక్‌ని తొట్టిలో నీళ్లే విడదీస్తాయి. మూత బిగించే ముందు నలపొచ్చు, నలిపితే దొంగతనంగా కుళాయి నీళ్లు నింపి మళ్లీ అమ్మేవాళ్లకి పనికిరాదు, మోసేవాళ్లకి జాగా కలిసొస్తుంది. స్వచ్ఛ ఆటోకి ఇచ్చేటప్పుడు తడి చెత్తలో కలపకండి. ఫినాయిల్, పెట్రోల్, పురుగుమందు పోసిన బాటిల్‌ని మిగతావాటితో కలపకుండా విడిగా కట్టి, ఏం పోశారో తీసుకునేవాళ్లకి చెప్పి ఇవ్వండి.